నియోజకవర్గముల సరిహద్దులు: మనము మేలుకొనవలసిన వేళ

పార్లమెంటు నియోజకవర్గముల సరిహద్దులు మార్చుట రాజకీయ పక్షముల వ్యవహారమని మనలో పెక్కుమంది తలచుచున్నారు. కాని ఆ గీత మన మగ్గముల వీధివరకు వచ్చుచున్నదని గత చరిత్ర చెప్పుచున్నది.

1952, 1962, 1972, 2002 సంవత్సరముల చట్టముల ననుసరించి డీలిమిటేషన్ కమిషనులు ఏర్పడినవి. జనాభా లెక్కలనుబట్టి రాష్ట్రముల వాటాలును మారినవి. 1962 ఎన్నికలలో మద్రాసు రాష్ట్రమునకు 41, ఆంధ్రప్రదేశమునకు 43 లోక్‌సభ స్థానములుండగా, 1967 నాటికి అవి 39, 41 అయినవి. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రములు నష్టపోరాదని 1976లో 42వ రాజ్యాంగ సవరణ ఈ వాటాలను 1971 జనాభా లెక్కలపై నిలిపినది. 2001లో 84వ సవరణ ఆ గడువును 2026 తరువాతి మొదటి జనాభా లెక్కల వరకు పొడిగించినది.

వాటాలు మారకున్నను లోపలి గీతలు 2008లో మారినవి. షోలాపూరు షెడ్యూల్డు కులములకు, బళ్ళారి షెడ్యూల్డు తెగలకు రిజర్వు అయినవి. భివండి పేర కొత్త లోక్‌సభ స్థానము వెలసినది. శాసనసభకు మాత్రము ఆ పట్టణము తూర్పు, పడమరలుగా రెండైనది. యానాము వారు నేటికిని దూరముననున్న పుదుచ్చేరితో కలిసియే తమ ఎం.పి.ని ఎన్నుకొనుచున్నారు.

రిజర్వేషనులు న్యాయమైనవే, వానిపై మనకు ఆక్షేపణ లేదు. భాషనుబట్టి నియోజకవర్గము గీయుమని 2002 చట్టము చెప్పలేదు. మనము అట్లు కోరుటయు తగదు. అయితే ప్రాంతము ఒక్కచోట కుదురుగా నుండుట, రాకపోకల వీలు, ప్రజల సౌకర్యము చూడవలెనని ఆ చట్టమే చెప్పినది. మగ్గములొకవైపు, నూలు డిపో, సహకార సంఘము మరొకవైపు పడినచో, నూలు ధర గురించి ఏ సభ్యుని అడుగవలెను? ఇద్దరికిని మనము కొద్దిపాటి ఓటర్లమే అగుదుము. పరాయి రాష్ట్రములలో చెదరియున్న మనకు ఈ నష్టము మరింత హెచ్చు.

కమిషను మొదట ముసాయిదా ప్రకటించి, అభ్యంతరములకు గడువిచ్చి, బహిరంగ సమావేశములు జరుపవలెను. మన మాట చెల్లునది అప్పుడే. తుది ఉత్తర్వు వెలువడిన పిమ్మట అది చట్టముతో సమానము. సామాన్యముగా కోర్టులలో ప్రశ్నింప వీలులేదు. పడుగు తోడిన తరువాత పోగుల లెక్క మార్చగలమా?

కావున ప్రతి శాఖా సంఘమును ఇప్పుడే తన ఊరి వార్డుల పటము, నేత కుటుంబముల లెక్క సిద్ధపరచుకొనవలెనని మా అభిప్రాయము. ఇరుగుపొరుగు భాషలవారిని కలుపుకొని, గడువులోపల వ్రాతమూలకముగా విన్నవింతము. అడుగవలసిన నాడు ఊరకుండి, పిదప వగచిన ప్రయోజనము లేదు.