సికిల్‌సెల్ కార్డు మీద పని జాగ్రత్తలూ ఉండాలి



సికిల్‌సెల్ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే ఆ మనిషి వాహకుడు, ఇద్దరి నుంచీ వస్తే రోగి. అరకులోయ, పాడేరు వంటి మలేరియా సీమల్లో ఈ జన్యువు తరతరాలుగా నిలవడానికి కారణం ఉంది. ఒక్క ప్రతి ఉన్న పిల్లలకు తీవ్ర మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది.

2023 జులై 1న షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్‌సెల్ మిషన్ 2047 నాటికి వ్యాధిని నిర్మూలించాలని, గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యంగా పెట్టుకుంది. చూపంతా రాబోయే తరం మీదే కనుక, ఫలితం చెప్పే కార్డు చేతికందగానే పెళ్లి సంబంధాల మాటే ముందుకొస్తుంది. అదీ అవసరమే. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కానీ కార్డు అందుకున్న మనిషి మర్నాడు పొద్దున్నే పోడుకో, కాఫీ తోటకో వెళ్లాలి. ఆ పని ఎలా చేయాలో కూడా కార్డే చెప్పాలి.

జన్యువూ శ్రమా కలిస్తే ఏమవుతుందన్నది ఈ ఒక్క జబ్బు ప్రశ్న కాదు. మోటార్ న్యూరాన్ వ్యాధి ముప్పు పుట్టుకతోనే ఉన్నవారికి తరచూ చేసే తీవ్ర వ్యాయామం ఆ ముప్పును పెంచవచ్చని 2021లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. అయినా వ్యాయామం మానేయమని వారు చెప్పలేదు. అక్కడ ఎవరికి ఎంత శ్రమ ఎక్కువన్నది ఇంకా విడలేదు. సికిల్‌సెల్‌లో చాలావరకు విడింది.

ప్రాణవాయువు తగ్గితే, ఈ జన్యువు వల్ల మారిన హిమోగ్లోబిన్ పేనుకుపోయి ఎర్ర కణం కొడవలిలా వంగుతుంది. ఒంట్లో నీరు తగ్గినా, వేడి పెరిగినా అది త్వరపడుతుంది. అమెరికా సైనిక శిక్షణలో నల్లజాతి వాహకులకు హఠాన్మరణం ముప్పు, వాహకులు కాని నల్లజాతివారికంటే దాదాపు 28 రెట్లని 1987 నాటి అధ్యయనం చూపింది. 2016లో సుమారు 48 వేల మంది నల్లజాతి సైనికుల లెక్క తీస్తే మరణాల్లో తేడా లేదు. కండరాలు చితికి కరిగిపోయే ప్రమాదం మాత్రం 54 శాతం ఎక్కువ. ఈలోగా సైన్యం నీరు, విశ్రాంతి, ఎండ నియమాలను వాహకులకే కాక అందరికీ వర్తింపజేసింది. అరకుకు పనికొచ్చే పాఠం ఇదే.

వాహకుడు కావడి మోయవచ్చు, డోలీ పట్టవచ్చు, బంతాట ఆడవచ్చు. సుమారు 900 మీటర్ల అరకు ఎత్తు అతనికి ముప్పు కాదు. అలవాటు లేని ఒళ్లుతో, ఎండలో, నీళ్లు తాగకుండా ఒక్క ఊపున చేసే శ్రమే ముప్పు. కానిస్టేబుల్ ఎంపికలోని 1600 మీటర్ల పరుగు అటువంటిదే. వారాల తరబడి క్రమంగా సాధన చేసినవారికి భయం తక్కువ. కార్డు చూసి ఉద్యోగానికో ఆటకో అనర్హులనడం అన్యాయం.

రోగి సంగతి వేరు. మన్యంలో కాఫీ పళ్లు కోసేది చలికాలంలోనే. ఆ చలి, తడి బట్టలు, అలసట నొప్పుల దాడిని రేపుతాయి. అలాగని మంచాన కూర్చోబెట్టడం వైద్యం కాదు. డాక్టరు చూపు కింద మితమైన వ్యాయామం మేలే చేస్తుంది. వాహకుడికీ రోగికీ సలహా ఇంత వేరు కనుకే తొలి పరీక్షతో సరిపెట్టకూడదు. తొలి విడతలో చేసే సాల్యుబిలిటీ పరీక్ష ఇద్దరినీ విడదీయలేదు. ఎలక్ట్రోఫోరెసిస్ లాంటి నిర్ధారణ అయ్యాకే కార్డు ఇవ్వాలి.

దీనికి కొత్త నిధులేమీ అక్కర్లేదు. పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టమే చెప్పింది. కార్డు వెనక నాలుగు ముక్కలు అచ్చువేస్తే చాలు: దాహం వేయకముందే నీళ్లు తాగాలి, జ్వరంలో బరువు పని వద్దు, కాళ్లు పట్టు తప్పితే అక్కడే ఆగాలి, మూత్రం డికాషన్ రంగులోకి మారితే వెంటనే ఆసుపత్రికి చేరాలి. ఆశ్రమ పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులకు, పోలీసు ఎంపికలు జరిపేవారికి, తోటల మేస్త్రీలకు ఇదే సంగతి ముందుగా చెప్పి ఉంచాలి.

– ఒక పాఠకుడు, అరకులోయ