భిక్ష ఎవరు వండారు?

కార్తీకమాసం వస్తోందంటే మా ఇంట్లో అందరికంటే ముందు కేలండరు దగ్గరికి వెళ్ళేది మా అత్తగారు. ఆవిడ చూసేది తిథులు కాదు, నా తేదీలు. మా ఆయన అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజుల్లో నేనెప్పుడు 'బయట' చేరతాను, ఆ రోజుల్లో స్వామికి భిక్ష ఎవరు వండాలి, నన్ను ఎవరింటికి పంపాలి అన్నది ముందే తేలిపోవాలి. కిందటేడు ఆ కేలండరు మీద నా చుక్కల పక్కనే ఎర్ర ఇంకుతో ఇంకో వరస చుక్కలు కనిపించాయి. అవి మా అమ్మాయివి. దానికి పదమూడేళ్ళు. ఈ వ్యాసం రాయాలని ఆ రోజే అనుకున్నాను.

మా ఆయన తొమ్మిదిసార్లు మాల వేశారు. మొదటి రెండేళ్ళు ఆ నాలుగు రోజులూ మా ఆడపడుచు ఇంట్లో గడిపాను. ఆ తర్వాత, నెలసరి వాయిదా వేసే మాత్రలు మందుల షాపులో దొరుకుతాయని తెలిసింది. ఏ డాక్టర్నీ అడగలేదు. పడిపూజకీ ఇరుముడికీ అడ్డం రాకుండా మింగేదాన్ని. తలతిరుగుడు, వికారం, రొమ్ముల్లో సలపరం. మానేశాక మంచం దిగలేనంత రక్తస్రావం. మా కాలనీలో మాల వేసిన ప్రతి ఇంట్లోనూ ఆ మాత్రలుండేవి. మా ఆడవాళ్ళ మధ్య అదొక రహస్యం కూడా కాదు.

ఆరో ఏడు ఆ మాత్రలు పని చెయ్యలేదు. పడిపూజ రోజు తెల్లవారుజామునే మొదలైంది. నలభైమంది స్వాములు భిక్షకి వస్తున్నారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. నేనెవరికీ చెప్పలేదు. తలస్నానం చేసి పులిహోర కలిపాను, ఉల్లీ వెల్లుల్లీ లేని కూరలు చేశాను, సాంబారు పెట్టాను, పాయసం కాచాను, వడ్డించాను. "మాతా, సాంబారు అమృతంలా ఉంది" అన్నారు గురుస్వామి.

ఏమీ జరగలేదు. మా ఆయన కొండ ఎక్కారు, దిగారు, క్షేమంగా ఇంటికొచ్చి అరవణ పాయసం డబ్బా నా చేతిలో పెట్టారు.

కానీ ఆయన ఇరుముడితో గడప దాటిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా నాకు నిద్ర లేదు. ఫోను మోగితే గుండె ఆగేది. డిగ్రీ చదివాను, నెలసరి ఎందుకొస్తుందో పిల్లలకి పాఠం చెప్పగలను. అయినా భయం పోలేదు. ఆయనకేదన్నా అయితే అది నావల్లే అని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. ఈ భయాన్ని నాలో ఎవరు పెట్టారు? ఇదే నా మొదటి ప్రశ్న.

సమాధానం కోసం దూరం వెళ్ళక్కర్లేదు. సత్యనారాయణ వ్రతకథలో భర్త వచ్చాడన్న సంతోషంలో కళావతి ప్రసాదం మరిచి పరిగెత్తుతుంది. మునిగిపోయింది ఎవరు? పడవతో సహా భర్త. వినాయక చవితి మర్నాడు చెప్పుకునే ఋషిపంచమి కథలో, ముట్టు రోజుల్లో వంట పాత్రలు తాకిన ఇల్లాలు మరుజన్మలో కుక్కవుతుంది, ఆమె తాకిడి తగిలిన భర్త ఎద్దవుతాడు. వ్రతాలు చెల్లించని మగవాళ్ళకీ కథల్లో శిక్షలున్నాయి, కాదనను. అయితే మగవాడి తప్పు మొక్కు మర్చిపోవడం. ఆడదాని తప్పు ఆడదాని ఒళ్ళు. తన ఒంటివల్ల తనవాళ్ళు చస్తారని ఏ మగపిల్లవాడికైనా చిన్నప్పటినుంచీ నేర్పామా?

ఇక కోర్టుల సంగతి. పది నుంచి యాభై ఏళ్ళ స్త్రీలు శబరిమల ఎక్కకూడదన్న ఆచారాన్ని 1991లో కేరళ హైకోర్టు సమర్థించింది. అయ్యప్ప నైష్ఠిక బ్రహ్మచారి అన్న వాదనతో పాటు, శరీర ధర్మం వల్ల స్త్రీలు 41 రోజుల వ్రతాన్ని తెంపు లేకుండా చెయ్యలేరన్న మాట కూడా అందులో ఉంది. 2018 సెప్టెంబర్ 28న సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో ఆ నిషేధం చెల్లదంది. నెలసరి పేరుతో వెలివేయడం అంటరానితనమేనని జస్టిస్ చంద్రచూడ్ తన తీర్పులో రాశారు. విభేదించిన ఒకే ఒక్క న్యాయమూర్తి జస్టిస్ ఇందూ మల్హోత్రా. ఆ ధర్మాసనంలో ఉన్న ఏకైక మహిళ కూడా ఆమే. మత విషయాల్లో హేతుబద్ధతను కొలబద్ద చెయ్యకూడదన్నారు ఆమె. 2019 జనవరి 2న బిందు, కనకదుర్గ దర్శనం చేసుకుని వస్తే, ఆ వెంటనే గుడి మూసి శుద్ధి చేశారు. అదే ఏడాది నవంబర్ 14న, రివ్యూ కోరినప్పుడు లేచిన ప్రశ్నల్ని విస్తృత ధర్మాసనానికి పంపారు.

జస్టిస్ మల్హోత్రా మాటని నేను తేలిగ్గా తీసెయ్యను. ఒకరి దేవుణ్ణి ఇంకొకరి తర్కంతో తూచడం మొదలైతే, రేపు బలవంతుడి తర్కమే అందరి మీదా స్వారీ చేస్తుంది. ఆ ప్రమాదం నిజమే. కానీ నేను అడుగుతున్నది అయ్యప్ప ఉన్నాడా, బ్రహ్మచారా కాదా అని కాదు. 41 రోజుల వ్రతం స్త్రీలు చెయ్యలేరన్నారే, మరి ఆ 41 రోజులూ వ్రతం నడిపిస్తున్నది ఎవరని అడుగుతున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చన్నీళ్ళ స్నానం ఆయనొక్కరే చెయ్యరు, నేనూ చేస్తాను. ఆయన ఏకభుక్తానికి రెండు పూటలా నేను మడి కట్టాలి. ఆయన నల్ల బట్టలు వేరుగా ఉతకాలి. పీఠం కడగాలి. ఆయన దీక్షకి మెడలో మాల ఉంది, లెక్క ఉంది, కొండ ఉంది. నా దీక్షకి పేరు కూడా లేదు. మిగతా రోజుల్లో "ఏయ్", ఆ 41 రోజులు "మాతా", అంతే తేడా.

మతానికి కారణాలు అడక్కూడదనే పెద్దలే మా దగ్గర కారణాలు చెబుతుంటారు. "మీకు విశ్రాంతి ఇవ్వడానికే పూర్వులు దూరం పెట్టారు" అంటారు. మంచిదే. మరి ముట్టు రోజుల్లోనే నడుం వంచి నాట్లు వేసే కూలి స్త్రీకి ఆ విశ్రాంతి ఏ పూర్వుడు ఇచ్చాడు? ఆమె నాటిన వరి బియ్యమై భిక్షకి వస్తే మైల అంటదు. ఆమె గుడి మెట్టు దగ్గరికి వస్తే అంటుతుంది. మన భాషలో 'ముట్టు', 'అంటు' అన్న మాటలు రెండూ తాకడం నుంచి వచ్చినవే. తాకితే మైల అన్నది కులం దగ్గరా అదే, ఆడదాని దగ్గరా అదే. చెప్పిన కారణం నిలబడకపోయినప్పుడే కదా "ఇది నమ్మకం, ప్రశ్నించకూడదు" అంటున్నది?

హేతువాద మిత్రులకీ నా ప్రశ్నలున్నాయి. మాల వేసే ఇళ్ళలో ఆడవాళ్ళది మూఢభక్తి అని మీటింగుల్లో నవ్వడం విన్నాను. మా పక్కింటావిడ తన భర్తని ఏటా బతిమాలి మాల వేయిస్తుంది. ఎందుకో ఎప్పుడైనా అడిగారా? ఆ 41 రోజులూ అతను తాగడు, కొట్టడు. ఏ పోలీసు స్టేషనూ, ఏ కుల పంచాయితీ ఆమెకి అన్ని రోజుల శాంతిని ఇవ్వలేదు. ఆమె లెక్కలో హేతువు లేదా? మాల తీసిన సాయంత్రమే సీసా పట్టుకునే భక్తుణ్ణి అడగాల్సిన ప్రశ్నని ఆమెని ఎందుకు అడుగుతున్నారు? మీ సభల్లో దేవుడు లేడని రుజువు చేసి ఇంటికెళ్ళాక మీ కంచంలో అన్నం ఎవరు పెడుతున్నారు? సరస్వతీ గోరా గర్భవతిగా ఉండి గ్రహణం వేళ బయటికొచ్చి నిలబడ్డారు. ఆ పరీక్షలో పణంగా పెట్టింది తన శరీరాన్నీ కడుపులో బిడ్డనీ. హేతువాద చరిత్రలో ఉపన్యాసాల కంటే అదే పెద్ద పుట అని నాకనిపిస్తుంది. నమ్మకానికైనా, హేతువుకైనా పరీక్ష చివరికి ఆడదాని ఒంటిమీదే జరుగుతుంటే, దాని ఫలితం చెప్పే హక్కు కూడా ఆమెకే ఉండాలి కదా?

ఆమె నలుగురిలో చేసిన పని నేను దొంగతనంగా చేశాను. అందుకే నా భయం పోలేదు. దాచిన ప్రయోగం ఎవరికీ ఏమీ నేర్పదు. అబద్ధం చెప్పాననే అపరాధాన్నే మిగులుస్తుంది. నేను దాచినందువల్లే ఆ చుక్కలు ఇవాళ నా కూతురి దాకా వచ్చాయి.

నేను నాస్తికురాలిని కాను. దీపం వెలిగించినప్పుడు నా మనసు ఇప్పటికీ కుదుటపడుతుంది. దాన్ని వదులుకోమని ఎవరూ అడగక్కర్లేదు. కానీ నా దేవుడు నా రక్తానికి భయపడేవాడైతే నాకు అక్కర్లేదు. భయపడడని నలభైమంది స్వాముల సాక్షిగా నాకు తెలుసు.

ఇది అచ్చయ్యాక మా ఆయన చదువుతారు. ఆ రోజు సాంబారు సంగతి ఆయనకి తెలిసేది ఇప్పుడే. కోపం వస్తే రానివ్వండి, కూర్చుని మాట్లాడదాం. పదోసారి మాల వేసుకోవాలనుకుంటే వేసుకోవచ్చు, నేను అడ్డం రాను. కేలండరు మీద చుక్కలు మాత్రం ఉండవు, నావీ ఉండవు, మా అమ్మాయివీ ఉండవు. మాత్రలు మింగను, ఇల్లు వదిలి వెళ్ళను. వండితే 41 రోజులూ వండుతాను. లేదంటే ఒక్క రోజు కూడా వండను.