మండలం వాన లెక్కకు మన చేను కనపడదు

వాన లెక్క రాసేది మండలం పేరున. పంట పండినా ఎండినా అది చేలో. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాకు నష్టపోతున్నది చిన్న రైతు, కౌలు రైతు. మండలంలో "సాధారణ వర్షపాతం" అని కాగితం మీద పడిందంటే ఆ ఏడు మన గోడు వినే నాథుడుండడు. అందుకే ఊరివారీగా, వారంవారీగా వాన లెక్క ఉండాలి. ప్రభుత్వం ఆ లెక్క రాసేదాకా చేతులు ముడుచుకు కూర్చోకుండా మన లెక్క మనం రాసుకోవాలి.

డెల్టాకు కరువేమిటంటారా?

ఈ మాట చాలామంది అంటారు. ధవళేశ్వరం ఉంది, కాలువలున్నాయి, గోదావరి జిల్లా వాడికి కరువేమిటని. కానీ ఆ ఆనకట్ట పుట్టిందే కరువు వల్ల. 1832-33లో వచ్చిన నందన కరువు గోదావరి గట్టునే ఉన్న ఊళ్లను కూడా వదల్లేదు. నది పక్కన పారుతున్నా చేలోకి నీరెక్కే దారి లేక జనం అల్లాడారు. ఆ తర్వాత 1847లో కాటన్ దొర పని మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట నిలబెట్టాడు. నేడు పది లక్షల ఎకరాలకు పైగా ఆ నీటి మీద బతుకుతున్నాయి.

అయితే కాలువ ఉన్నంత మాత్రాన ప్రతి బోదెలోనూ నీరున్నట్టు కాదు. సార్వాలో వాన ఆగిన వారానికే కాలువ మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎగువన ఉన్నవాళ్లు తూములు తెరిచి పెట్టుకుంటారు, ఇంజన్లు వేసి తోడుకుంటారు. శివారు భూములకు వచ్చేసరికి కాలువలో బురదే మిగులుతుంది. దాళ్వా సంగతి మరీ కష్టం. బ్యారేజీలో నిల్వ చేసుకోగలిగింది మూడు టి.ఎం.సి.లకు లోపే. నదిలో ప్రవాహం తగ్గితే సీలేరు నుంచి వదిలే నీటి కోసం ఎదురుచూడాలి, వంతులవారీ పద్ధతికి తలొగ్గాలి. రాయవరం తూర్పు డెల్టాలోది. గౌతమి దాటితే కోనసీమ, అది మధ్య డెల్టా. నదీ పాయలు, సముద్రం చుట్టూ ఉన్న పెద్ద దీవి లాంటిది. అక్కడా ఇక్కడా శివారు రైతు గోడు ఒకటే.

సగటు చేసే మాయ

వాతావరణ శాఖ లెక్క ప్రకారం సాధారణం కంటే 19 శాతం ఎక్కువ నుంచి 19 శాతం తక్కువ దాకా ఎంత కురిసినా "సాధారణ వర్షపాతమే". 20 నుంచి 59 శాతం తగ్గితే లోటు. 60 శాతం, ఆపైన తగ్గితే తీవ్రమైన లోటు. ఈ కొలతలో తప్పు లేదు. దేన్ని కొలుస్తున్నామన్న దగ్గరే తేడా వస్తోంది.

ఒక మాటకు ఇలా అనుకుందాం. ఆగస్టులో 200 మి.మీ. కురవాలి. మొదటి నాలుగు రోజుల్లో అల్పపీడనం వల్ల 170 మి.మీ. దంచికొట్టింది. మిగతా 27 రోజులూ కలిపి కురిసింది 10 మి.మీ. నెల మొత్తం 180 మి.మీ. లోటు 10 శాతమే కాబట్టి కాగితం మీద సాధారణం. చేలో ఏం జరిగింది? మొదటి నాలుగు రోజులు ఊడ్చిన చేను మునిగింది. ఆ తర్వాత నాలుగు వారాలు బెట్టకు వచ్చింది. ఒకే నెలలో రెండు దెబ్బలు తిన్న రైతుకు అంకెల్లో ఏ దెబ్బా కనపడదు.

ఇది ఊహ కాదనడానికి 2023 ఒక్కటి చాలు. ఆ ఏడు ఆగస్టు 1901 తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడిన ఆగస్టు. లోటు 36 శాతం. ఆశ్లేష, మఖ కార్తెలు అలా గడిచాయి. సెప్టెంబరులో మళ్లీ బాగా కురిసింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మొత్తం చూస్తే దేశానికి లోటు 6 శాతమే అని తేలింది. 36 శాతం లోటు 6 శాతంలో కలిసిపోయింది. ఆపైన డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి, కోతకొచ్చిన వరిని నీళ్లపాలు చేసింది. ఆ వాన కూడా ఏడాది జమలోకే వెళుతుంది. పంటకు అక్కరకు వచ్చిన వాన, పంటను ముంచిన వాన ఒకే ఖాతాలో పడతాయి.

ఆ ఖరీఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వం 7 జిల్లాల్లో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. గోదావరి డెల్టా మండలాలు వాటిలో లేవు. ఉండాల్సిందని వాదించడం నా ఉద్దేశం కాదు. వాదించడానికైనా కాదనడానికైనా ఊరివారీ లెక్క ఏదీ మన చేతిలో లేదన్నదే నా బాధ.

వరపును రోజుల్లో లెక్కించాలి

"మఖ పుబ్బలు వరుపైతే మహా క్షామం" అని పెద్దలన్నారు. వాళ్లు ఏడాది మొత్తం వాన ఎంతని చూడలేదు. ఏ కార్తెలో పడింది, ఏ కార్తెలో ఎగ్గొట్టింది అని చూశారు. కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన కరువు మాన్యువల్ కూడా ఈ మాటకు దగ్గరగానే వచ్చింది. రుతుపవనాలు రావాల్సిన తేదీ తర్వాత వరుసగా మూడు నాలుగు వారాలు, ప్రతి వారమూ కురవాల్సిన దానిలో సగం కూడా కురవకపోతే దాన్ని వరపుగా లెక్కించాలని అందులో ఉంది. వాన లోటు ఒక్కటే కాకుండా సాగు విస్తీర్ణం, నేలలో తేమ, పైరు పచ్చదనం, భూగర్భజలం కూడా చూడాలి. ఆపైన పొలాలకు వెళ్లి స్వయంగా పరిశీలించాలి. ఖరీఫ్ కరువు అక్టోబరు 30 లోపు, రబీ కరువు మార్చి 31 లోపు ప్రకటించాలి.

అంటే మన మాట వినిపించడానికి ఒక గడువుంది. దీపావళి అయ్యాక, మాసూళ్లప్పుడు గింజ తాలు పోయిందని అర్జీ పెట్టుకుంటే అప్పటికి జాబితా అయిపోయి ఉంటుంది. పైగా పంట నష్టం 33 శాతం, ఆపైన ఉంటేనే విపత్తు సాయం లెక్కలోకి వస్తుంది. ఏ వారం ఎన్ని రోజులు చినుకు లేదో, ఏ రోజు నుంచి బోదెలో నీరాగిందో తేదీలతో చెప్పగలిగిన ఊరి మాటకు విలువుంటుంది. "ఈ ఏడు వానల్లేవండి" అంటే ఎవరూ రాసుకోరు.

కొబ్బరి, బావి నీరు ఆలస్యంగా చెబుతాయి

వరి ఆకు చుట్టుకుంటే నాలుగు రోజుల్లో తెలుస్తుంది. కొబ్బరి అలా కాదు. లోపల పూమొగ్గ పుట్టిన నాటి నుంచి కాయ దింపేదాకా మూడున్నరేళ్లు పడుతుంది. ఈ వేసవి బెట్ట దెబ్బ పిందె రాలడంలో కొంత, వచ్చే రెండు మూడేళ్ల దిగుబడిలో కొంత కనిపిస్తుంది. అప్పుడు చెట్టుకు కాయ ఎందుకు తగ్గిందో చెప్పాలంటే పాత వాన లెక్క ఉండాలి.

సముద్రపు ఒడ్డున ఉన్న మలికిపురం, అల్లవరం, కాట్రేనికోన వైపు ఇంకో చిక్కుంది. అక్కడ భూమిలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైన సముద్ర మట్టం కంటే ఒక అడుగు మంచినీరు నిలిస్తే దాని కింద నలభై అడుగుల దాకా మంచినీరు ఉండగలదని శాస్త్రం చెబుతుంది. ఆ పై అడుగు తగ్గిందంటే కింద నుంచి ఉప్పు పైకొస్తుంది. పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవులు 1998లోనూ 2016లోనూ ఇలాగే కరువు పాలయ్యాయి. చుట్టూ నీరే, తాగడానికి నీరు లేదు. వాళ్ల ముఖ్యపట్టణం మజురోలో విమానాలు దిగే రన్‌వే మీద పడిన వానను కూడా చెరువులోకి పట్టుకుంటారు. ప్రతి చినుకూ లెక్కే అక్కడ. మనకు గోదావరి తల్లి ఉంది కాబట్టి అంత దాకా రాలేదు గానీ, లెక్క రాసుకోవడంలో వాళ్లను చూసి నేర్చుకోవచ్చు.

మన లెక్క మనం

ఖర్చు లేని పని ఇది. అడుగు చదునుగా ఉండి, పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పున్న డబ్బా తీసుకోండి. చెట్లకు, ఇంటికి దూరంగా బయలు చోట, కింద మట్టి చింది పడకుండా అడుగు ఎత్తు దిమ్మ మీద కదలకుండా పెట్టండి. కొబ్బరి చెట్ల కింద పెడితే లెక్క తప్పు వస్తుంది. ప్రతిరోజూ ఉదయం 8.30కు పిల్లల స్కేలుతో లోపలి నీటి ఎత్తు మి.మీ.లలో చూసి రాసి, నీళ్లు పారబోయండి. వాతావరణ శాఖ కొలిచేదీ ఆ వేళకే. 2.5 మి.మీ., ఆపైన పడితేనే వాళ్లు "వాన రోజు" అంటారు. ఒక మి.మీ. వాన అంటే ఎకరా మీద సుమారు 4,000 లీటర్ల నీరు. పది మి.మీ. పడితే 40 వేల లీటర్లు. ఈ లెక్క తెలిస్తే ఇంజన్ ఎన్ని గంటలు వేయాలో, ఎప్పుడు ఆపాలో కూడా తెలుస్తుంది.

నోటు పుస్తకంలో నాలుగు గళ్లు గీయండి. తేదీ, వాన, బోదెలో నీరు వచ్చిందా లేదా, పైరు ఏ దశలో ఉంది. అంతే. వారం చివర కూడిక వేయండి. ఊరికి నలుగురు, నాలుగు దిక్కులా రాస్తే చాలు. పసలపూడి, మాచవరం, సోమేశ్వరం, వెదురుపాక, చెల్లూరు, వెంటూరు రైతులు ఇలా రాసి ఒకచోట చేరిస్తే రాయవరం మండలంలో వాన ఎక్కడ పడిందో, ఎక్కడ ఎగ్గొట్టిందో తేటతెల్లమవుతుంది.

రైతు పుస్తకం ప్రభుత్వ రికార్డు ఎలా అవుతుందని అడగొచ్చు. కాదు, నిజమే. అయితే అధికారులు పొలాల పరిశీలనకు వచ్చినప్పుడు ఏ ఊరికి, ఏ శివారుకు ముందు వెళ్లాలో అడగడానికి అదే ఆధారం. వాతావరణ ఆధారిత బీమాలో చూసేది వాతావరణ కేంద్రం అంకెనే తప్ప మన చేను కాదు. ఆ అంకెకూ మన ఊరి వానకూ పొంతన లేదని చూపించడానికైనా చేతిలో కాగితం ఉండాలి. పట్టా పేరు లేని కౌలు రైతుకు ఇది మరీ అవసరం.

ప్రభుత్వం చేయాల్సింది

ఆటోమేటిక్ వర్షమాపకాలు వచ్చాయి, మంచిదే. కానీ వాటి అంకెలు ఊళ్లో రైతుకు తెలియడం లేదు. ప్రతి రైతు సేవా కేంద్రం దగ్గర ఒక వర్షమాపకం, పక్కన ఒక నల్లబల్ల పెట్టాలి. నిన్న కురిసింది, ఈ వారం కురిసింది, ఈ వారం కురవాల్సింది ఆ బల్ల మీద రోజూ రాయాలి. శివారు కాలువకు నీరందిన రోజులు, తీరం ఊళ్లలో బావి నీటి ఉప్పదనం కూడా వానతో పాటే నమోదు కావాలి. కరువు జాబితా ఖరారయ్యే ముందు మండలం లెక్కలను పంచాయతీ దగ్గర అంటించి, రైతుల అభ్యంతరాలు తీసుకోవాలి. ఇందులో ఏదీ కోట్లు ఖర్చయ్యే పని కాదు.

పాలు పోసిన లెక్క, కూలీల లెక్క, దుకాణం బాకీ లెక్క రాసుకునే రైతు వాన లెక్క మాత్రం దేవుడికి వదిలేస్తున్నాడు. వాన పడటం దేవుడి చేతిలో ఉంది. పడిందో లేదో రాసుకోవడం మన చేతిలోనే ఉంది. ఈ మృగశిరకు డబ్బా పెట్టి పుస్తకం తెరవండి. అక్టోబరు 30 నాటికి మన ఊరి లెక్క మన దగ్గరుంటుంది.