ఇరవై నాలుగో తేదీ చీర

డిసెంబరు వచ్చిందంటే నాకు వచ్చే ఉత్తరాలలో మగవారివి కూడా నాలుగైదు వుంటాయి. మామూలు వారాల్లో ఈ పేజీ తమది కాదన్నట్టు తిప్పేసి సీరియల్ దగ్గరకు వెళ్ళేవారే వీరంతా. ఈసారి ఒక సోదరుడు ఇలా రాశారు: "క్రిస్మస్‌కు మా ఆవిడకు ఏం కొనాలో తోచడం లేదు. అడిగితే ఏమీ వద్దంటుంది. నిజంగానే కొనకపోతే చిన్నబుచ్చుకుంటుంది. మార్గం చెప్పండి."

సోదరా, "ఏమీ వద్దు" అంటే "ముందు పిల్లల సంగతి చూడండి, మిగిలితే చూద్దాం" అని అర్థం. ఆ "మిగిలితే" అన్న మాట దగ్గరే మగవారు పొరబడుతూ వుంటారు. మా ఇంటి సంగతే చెబుతాను.

మా నాన్నగారు గుంటూరులో బడిపంతులు. ఒకటో తేదీన జీతం రాగానే పిల్లలందరికీ గుడ్డలు, తర్వాత అరిసెలకు బియ్యం, బెల్లం, వాకిట్లో కట్టే నక్షత్రానికి రంగు కాగితాలు. ఇవన్నీ అయ్యాక ఎంత మిగిలిందో లెక్క చూసుకుని, ఇరవై నాలుగో తేదీ సాయంత్రం అమ్మకు చీర తెచ్చేవారు. మంచి చీరే తెచ్చేవారు. ఏ సంవత్సరమూ మానలేదు.

తెల్లవారితే ఆరాధన. రాత్రికి రాత్రి రవిక కుట్టే దర్జీ ఎక్కడుంటాడు? అంచేత అమ్మ ప్రతి క్రిస్మస్‌కూ కొత్త చీర మీదకు పాత రవిక తొడుక్కుని, పమిట భుజాల నిండా కప్పుకుని, గుడిలో వెనక స్తంభం పక్కన కూర్చునేది. అది అమ్మకు అలవాటు అనుకునేదాన్ని. నాకు పెళ్ళయి, నా రవిక కోసం నేను దర్జీ చుట్టూ తిరిగినప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు.

ఒకసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు అడిగేశాను. "నాన్నగారూ, పండుగనాడు అమ్మ రవిక ఎప్పుడైనా చూశారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారే గాని, ఏమీ అనలేదు.

మరుసటి సంవత్సరం డిసెంబరు రెండో తేదీనే అమ్మను వెంటబెట్టుకుని బజారుకు వెళ్ళారు. "ఇంకా ఇరవై రోజులుంది, ఇంత తొందరేమిటండీ?" అని అమ్మ దారి పొడుగునా సణిగిందట. ఆ ఏడు ఇరవై నాలుగున వచ్చింది మా తమ్ముడి చొక్కా. రెడీమేడ్ చొక్కాకు కుట్టుపని ఏముంది? వాడికి లోటేమీ జరగలేదు.

కాబట్టి ఏం కొనాలన్నది తర్వాత; ముందు ఎప్పుడు కొనాలో తెలుసుకోండి. చీరయితే డిసెంబరు మొదటి వారం దాటనివ్వకండి. ఫాల్ కుట్టాలి, అంచు పీకో చేయించాలి, లైనింగు గుడ్డ తడిపి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకుకే రవిక బిగుసుకుపోతుంది. కొలతకు ఆమెకు సరిగ్గా అమరిన పాత రవిక ఒకటి ఇస్తే చాలు.

రంగు తెలియకపోతే బీరువా తెరిచి, మడతలు నలిగిన చీరలు ఏ రంగువో చూడండి. ఎక్కువగా కట్టేవి అవే. గుంటూరు పక్కనే నేసే మంగళగిరి నూలు చీర పండుగకూ బాగుంటుంది, తర్వాత కట్టుకోవడానికీ పనికివస్తుంది. పట్టయితే సిల్క్ మార్క్ చీటీ వుందేమో చూడండి. ఆ గుర్తు 2004 నుంచీ వున్నదే.

బంగారం కొనే స్తోమత వుంటే హాల్‌మార్క్ చూడకుండా డబ్బు చేతికివ్వకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి నగ మీద అంకెలు, అక్షరాలు కలిసిన 6 స్థానాల సంఖ్య వుండాలి. దాన్ని బి.ఐ.ఎస్. కేర్ అనే ఫోను యాప్‌లో సరిచూసుకోవచ్చు. 22 క్యారట్లకు 916 అని వుంటుంది. అంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు మేలిమి బంగారం. బిల్లు పారేయకండి.

ఇంకొక మాట. మిక్సీ, కుక్కరు తప్పకుండా కొనండి. కాని అవి ఇంటికి కొన్న సామాను, ఆమెకిచ్చిన కానుక కాదు.

బైబిలులో తూర్పు దేశపు జ్ఞానులు బంగారము, సాంబ్రాణి, బోళము తెచ్చారని వుంది. వారు దారి ఖర్చులు పోగా మిగిలినదానితో బేత్లెహేము బజారులో కొనలేదు. ఇవ్వవలసినది పెట్టెలో పెట్టుకునే ఇంటి దగ్గర బయలుదేరారు.

ఆ సంవత్సరం క్రిస్మస్‌కు నేను గుంటూరులోనే వున్నాను. గుడిలో అలవాటు ప్రకారం స్తంభం వైపు చూస్తే అక్కడ అమ్మ లేదు. చిలకపచ్చ చీర, అదే రంగు రవిక, పమిట చక్కగా ఒక భుజం మీదుగా వేసుకుని, ఆడవారి వైపు రెండో వరుసలో కూర్చుని పాటల పుస్తకం తిరగేస్తోంది.