వెనక్కి దారి లేని విలీనం

టొరంటోకి ఈశాన్యంగా, కారులో రెండు గంటల లోపు దూరంలో "సిటీ ఆఫ్ కవార్తా లేక్స్" ఉంది. పేరు చూసి నగరమనుకుని వెళితే కనిపించేవి సరస్సులు, చేలు, పశువుల కొట్టాలు, మధ్యమధ్య చిన్న ఊళ్లు. విస్తీర్ణం మూడువేల చదరపు కిలోమీటర్ల పైమాటే. అంటే 2007లో ఏర్పడిన గ్రేటర్ హైదరాబాదుకి నాలుగు రెట్లు పైనే. జనం మాత్రం 2021 లెక్కల్లో ఎనభైవేలు కూడా లేరు.

2000 చివరిదాకా ఇది విక్టోరియా కౌంటీ. అందులోని ఊళ్లకి ఎవరి పాలకసభ వాళ్లకుండేది. మైక్ హారిస్ ప్రభుత్వం నియమించిన కమిషనర్ అన్నిటినీ ఒకటి చెయ్యమన్నాడు. 2001 జనవరి 1న ఒకటైపోయాయి. ఆ ప్రభుత్వ హయాంలో ఒంటారియోలోని 815 స్థానిక సంస్థలు 447కి దిగాయి.

ఖర్చు తగ్గుతుందన్నారు. కంపెనీలు కలిసినప్పుడు వాటి డేటాబేసులు కలపడం నా వృత్తి. కలిపితే ఒక సర్వరు తగ్గచ్చు గానీ రికార్డులు తగ్గవు. ఊళ్లూ అంతే. రోడ్ల పొడవు తగ్గదు, ఎత్తిపొయ్యాల్సిన మంచు తగ్గదు. ఒకే పనికి రెండు జీతాలుంటే సమం చేసేది పై అంకెకే. నిజంగా తగ్గేది మన మాట వినే మనుషులు. మొదట్లో పదహారుమంది సభ్యులుండేవారు. 2018 ఎన్నికల నుంచి ఎనిమిదిమందే.

చిన్న ఊరు ఫైరింజను కొనుక్కోగలదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నాలుగు ఊళ్లు కలిసి ఒక ఇంజను కొనుక్కోవడానికి నాలుగు సభలూ రద్దు కానక్కర్లేదు.

2003 నవంబరులో జనాన్ని అడిగారు, మళ్లీ విడిపోతారా అని. నూటికి 51 మంది అవునన్నారు. అప్పటికి రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం 2004లో కుదరదు పొమ్మంది. బొటాబొటీ మెజారిటీ కదా అని సమర్థించేవాళ్లున్నారు. మరి కలిపేటప్పుడు ఏ మెజారిటీ చూశారు? కమిషనర్ ఉత్తర్వు సరిపోయిందే!

కలిశాక విడదీయలేమన్నది ఒట్టిమాట. పక్కనున్న క్విబెక్‌లో 2002లో బలవంతాన కలిపిన ఊళ్లకి 2004లో ఓటు పెట్టారు. నమోదైన ఓటర్లలో కనీసం 35 శాతం అవుననాలన్న గట్టి షరతూ పెట్టారు. అయినా ఒక్క మోంట్రియల్ దీవిలోనే 15 ఊళ్లు 2006 జనవరి 1న మళ్లీ తమ కాళ్లమీద నిలబడ్డాయి.

ఇది కెనడా గొడవ, మనకెందుకు అనకండి. 1980లలో తాలూకాలు పోయి మండలాలొచ్చినప్పుడు ఆఫీసు మన గుమ్మానికి దగ్గరైంది. 2007లో హైదరాబాదు చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలనీ, 8 పంచాయతీలనీ మహానగరంలో కలిపినప్పుడు గాలి ఎదురు తిరిగింది. మీ ఊరినీ పక్క పట్టణంలో కలుపుతామంటూ రేపు నోటీసు రావచ్చు.

మా వృత్తిలో రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా ఏ మార్పునీ నడుస్తున్న సిస్టంలోకి ఎక్కించనివ్వరు. పాడైతే పాత స్థితికి ఎలా వస్తామో ముందే రాసివ్వాలి. ఒక కంపెనీ జీతాల లెక్కకి ఇచ్చే ఆ పాటి మర్యాద తరాలుగా బతుకుతున్న ఊరికి ఇవ్వలేరా? ఎంత మిగులుతుందో కాగితం మీద చూపించమనండి. మాకు ఓటు పెట్టమనండి. కలిశాక నచ్చకపోతే బయటికొచ్చే దారి ఆ చట్టంలోనే రాయమనండి. అది రాయనంటే, మీరూ ఒప్పుకోనని చెప్పండి.