నవ్వులో కులం – 6: ఫ్లోరిడా ఇంట్లో నాన్న ఎందుకుండాలి?



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, కామెడీని కామెడీగా చూడాలి. అన్నిటికీ కులం అంటగడితే మనల్ని ఎవరూ దగ్గరికి రానివ్వరు" అని. తిట్టలేదు, మనసులో ఉన్నదే అడిగాడు. వాడికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం కన్నా ఒక మనిషి కథ చెప్పడం మేలనిపించింది.

ఆమె పేరు ఎస్తేర్. మన పేటల్లో వెతికితే వీధికో ఎస్తేరు దొరుకుతుంది. ఈ ఎస్తేర్ మాత్రం అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, పోంపానో బీచ్‌లో 1920లో పుట్టింది. ఎస్తేర్ రోల్. బహామాస్ దీవుల నుంచి వచ్చి వ్యవసాయం చేసుకున్న నల్లజాతి కుటుంబం. 18 మంది పిల్లల్లో ఈమె పదోది. న్యూయార్క్ వెళ్ళి బట్టల పరిశ్రమలో పని చేస్తూ నాటకం నేర్చుకుంది. ఆఫ్రికన్ నృత్య బృందంలో ఆడింది. నల్లజాతి కళాకారులు సొంతంగా పెట్టుకున్న నీగ్రో ఎన్‌సెంబుల్ కంపెనీలో తొలినాళ్ళ సభ్యురాలు. టీవీలో పేరొచ్చేసరికి ఆమెకు యాభై దాటాయి.

ఆ పేరు ఏ పాత్రతో వచ్చింది? పనిమనిషి పాత్రతో.

అక్కడ నల్లజాతి నటికి పనిమనిషి పాత్ర అంటే ఏంటో తెలియాలంటే హాటీ మెక్‌డేనియల్ గురించి తెలియాలి. 'గాన్ విత్ ద విండ్'లో దొరసాని ఇంటి దాసీగా వేసి 1940లో ఆస్కార్ గెలిచింది. ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆమే. ఆ రాత్రి ఆమెను మిగతా నటులతో కలిపి కూర్చోబెట్టలేదు. గోడ పక్కన వేరే బల్ల వేశారు. 1952లో చనిపోతే, ఆమె కోరుకున్న శ్మశానంలో చోటివ్వలేదు. బహుమానం ఇస్తారు, బల్ల మాత్రం వేరు. రెండు గ్లాసుల హోటళ్ళు చూసిన జాతి మనది. ఇది మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే 1972లో 'మాడ్' అనే కామెడీ సీరియల్‌లో ఫ్లోరిడా అనే పనిమనిషి పాత్ర వచ్చినప్పుడు ఎస్తేర్ వెంటనే ఎగిరి గంతెయ్యలేదు, వెనకాడింది. తలూపే పనిమనిషిని ఆడను, నోరున్న మనిషిని ఆడతాను అంది. అలాగే ఆడింది. జనం ఎంత ఇష్టపడ్డారంటే ఫ్లోరిడా కోసమే వేరే సీరియల్ పుట్టింది. పేరు 'గుడ్ టైమ్స్'. సీబీఎస్ ఛానల్, 1974 ఫిబ్రవరి. షికాగోలోని ప్రభుత్వ గృహ సముదాయంలో బతికే పేద నల్లజాతి కుటుంబం కథ. సృష్టికర్తలు ఎరిక్ మాంటే, మైక్ ఎవన్స్, ఇద్దరూ నల్లజాతి వాళ్ళే. నిర్మాత నార్మన్ లియర్ తెల్లవాడు.

అసలు గొడవ ఇక్కడ మొదలైంది. ముందు అనుకున్న కథలో తల్లి, ముగ్గురు పిల్లలు మాత్రమే ఉన్నారు. తండ్రి లేడు.

ఎస్తేర్ ఒప్పుకోలేదు. "ఈ ఇంట్లో నాన్న ఉండాలి. లేకపోతే నేనుండను" అని పట్టుబట్టింది. జాన్ ఏమస్‌ను భర్త జేమ్స్ పాత్రకు తీసుకున్నారు. నిజ జీవితంలో అతను ఆమెకన్నా 19 ఏళ్ళు చిన్న. తెర మీద ఆ సంగతి ఎవరికీ గుర్తు రాదు.

తమ్ముడూ, ఇక్కడ ఆగి ఆలోచించు. నవ్వుల సీరియల్‌లో నాన్న ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

1965లో అమెరికా కార్మిక శాఖలో మొయినిహాన్ అనే అధికారి ఒక నివేదిక రాశాడు. నల్లజాతి వెనుకబాటుకు మూలం వాళ్ళ కుటుంబం చితికిపోవడమని, ఆడవాళ్ళ పెత్తనం నడుస్తోందని అందులో తేల్చాడు. బానిసత్వం గురించీ నిరుద్యోగం గురించీ రాశాడు కానీ, జనం నోళ్ళలో మిగిలింది మాత్రం 'నల్లోళ్ళ ఇళ్ళలో నాన్నలుండరు' అన్న ముక్కే. మొగుడిని ఒక తోటకీ పెళ్ళాన్ని ఒక తోటకీ అమ్మింది ఎవరు? ఇంట్లో మగవాడు కనబడితే పేద తల్లికి ఇచ్చే సాయం ఆపేసే నిబంధన పెట్టింది ఎవరు? చాలా రాష్ట్రాల్లో ఆ నిబంధన నడిచింది. 1968లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అధికారులు ఇళ్ళ మీద పడి మగవాడి చెప్పుల కోసం వెతికేవాళ్ళు. నాన్నను గడప దాటించిందీ వాళ్ళే, నాన్న లేడని వెక్కిరించిందీ వాళ్ళే.

మన దగ్గర ఎలా ఉంటుంది? 'వాళ్ళ మగాళ్ళు తాగుబోతులు, వాళ్ళ ఆడాళ్ళు నోటిదురుసు.' భూమి ఎవరు లాక్కున్నారన్న ప్రశ్న రాదు. సారాకొట్టు పేట మొగదలే ఎందుకుందన్న ప్రశ్న రాదు. జోకు మాత్రం వస్తుంది.

అందుకే ఎస్తేర్ అడిగింది నటనకు తోడు కాదు. తన జాతి మీద రాసిన ఒక అబద్ధానికి జవాబు అడిగింది.

ఆ సీరియల్ మొదటి రోజుల్లో ఏం చూపించిందో చెప్తాను. చిన్న కొడుకు మైకేల్, చదువుకునే పిల్లాడు. జార్జ్ వాషింగ్టన్ బానిసలను ఉంచుకున్న మనిషని క్లాసులో అన్నందుకు సస్పెండ్ అవుతాడు. ఇంకో ఎపిసోడ్‌లో ఐక్యూ పరీక్ష మధ్యలోనే లేచి వచ్చేస్తాడు. ఆ ప్రశ్నలు తెల్లవాళ్ళ ఇళ్ళలో పెరిగిన పిల్లలకే తెలిసేవని వాడి వాదన. 1974లో, కోట్లమంది చూసే కామెడీ సీరియల్‌లో, మెరిట్ అనే మాట ఎవరి కొలబద్ద అని ఒక పిల్లాడు అడిగాడు. జనం నవ్వారు, నవ్వుతూనే విన్నారు. నవ్వుకు ఆ బలం ఉంది. మెరిట్ మీద రాత్రంతా వాదించుకునే మన హాస్టల్ పిల్లలు ఆ ఎపిసోడ్ వెతికి చూడండి.

తర్వాత ఏమైంది? పెద్ద కొడుకు జేజే పాత్ర వేసిన జిమీ వాకర్ నోట 'డైనమైట్' అనే ఊతపదం పేలింది. జనం పడీపడీ నవ్వారు. అంతే, రాసేవాళ్ళు మైకేల్‌ను పక్కకు నెట్టి జేజేను ముందుకు తెచ్చారు. కళ్ళు తిప్పడం, వెకిలి నడక, పనీపాటా లేని తిరుగుడు. అతని బొమ్మలు చేసి దుకాణాల్లో అమ్మారు.

1975లో 'ఎబొనీ' పత్రికతో ఎస్తేర్ బాహిరంగంగానే మాట్లాడింది. చదువూ పనీ లేని కుర్రాణ్ణి హీరోను చేసి మా పిల్లలకు ఏం నేర్పుతున్నారని అడిగింది. ఆమె వేలు చూపింది ఆ పాత్రను అలా పెంచినవాళ్ళ వైపు. సీరియల్ హిట్‌లో ఉండగా, అందులో జీతం తీసుకుంటూ, ఆ మాటనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

జాన్ ఏమస్ కూడా నల్లజాతి బతుకు తెలియని రచయితలతో స్క్రిప్టుల మీద తగువు పడ్డాడు. అతన్ని తీసేశారు. 1976లో జేమ్స్ పాత్రను కారు ప్రమాదంలో చంపేశారు. ఎస్తేర్ పోరాడి తెచ్చుకున్న నాన్నను రచయితల గది ఒక టెలిగ్రాంతో చంపేసింది. ఆ ఎపిసోడ్‌లో ఫ్లోరిడా ఏడవదు. వచ్చినవాళ్ళకు మర్యాదలు చేస్తూ తిరుగుతుంది. అందరూ వెళ్ళాక చేతిలోని గాజు గిన్నెను నేలకేసి కొడుతుంది. నాకు ఆ సీన్ చూసినప్పుడల్లా పగిలింది ఫ్లోరిడా గిన్నెనా, ఎస్తేర్ గిన్నెనా అనిపిస్తుంది.

1977లో ఆమె సీరియల్ వదిలేసింది. తన పేరుతో నిలబడ్డ సీరియల్‌ను తనే వదిలేసింది. ఏడాది తిరిగాక మళ్ళీ వచ్చింది. ఉత్తిగా రాలేదు. జేజేకు బాధ్యత నేర్పాలి, నాకు బలవంతాన అంటగట్టిన రెండో మొగుడి పాత్ర ఉండకూడదు, జీతం పెంచాలి అని షరతులు పెట్టి వచ్చింది. 1979లో సీరియల్ ఆగిపోయింది. అదే ఏడాది ఆమెకు ఎమీ అవార్డు వచ్చింది. ఏ పాత్రకో తెలుసా? ఒక టీవీ సినిమాలో ఇంటి పనిమనిషి పాత్రకే. 1998లో చనిపోయింది. సొంతూళ్ళోనే పూడ్చారు.

ఆమె గెలిచిందా? పూర్తిగా గెలవలేదు. రచయితల గది ఆమె చేతికి రాలేదు. అందుకే నాకామె దేవత కాదు, మన యూనియన్ మనిషిలా కనబడుతుంది. లోపలుండి బేరమాడింది, కుదరనప్పుడు బయటికి నడిచింది, మళ్ళీ షరతులతో లోపలికెళ్ళింది.

మా అమ్మ నాలుగిళ్ళలో అంట్లు తోమి నన్ను చదివించింది. హాస్టల్ టీవీ హాల్లో పనిమనిషి మీద జోకు పడితే హాలంతా నవ్వేది. అందరికన్నా గట్టిగా నేనే నవ్వేవాణ్ణి, ఎవరూ నా మొహం చూడకూడదని. ఆ నవ్వు నాకింకా గొంతులో అడ్డం పడుతూనే ఉంది. తమ్ముడూ, కామెడీని కామెడీగా చూడడమంటే ఇదేనా?

మన తెర సంగతి మీకు తెలియంది కాదు. నల్లగా ఉండడమే జోకు. లావుగా ఉండడమే జోకు. తెలంగాణ యాస ఏళ్ళ తరబడి రౌడీలకూ కమెడియన్లకూ మాత్రమే దక్కిన భాష. ఆడవాళ్ళ మీద జోకుకు ఆడమనిషి కూడా అక్కర్లేదు, మగాడికి చీర కడితే సరిపోతుంది.

ఇక్కడ మనవాళ్ళలో రెండు తప్పులు చూస్తున్నాను. ఒకటి: మన అమ్మాయి టీవీలో కనబడితే చాలు, గెలిచేశామని స్టేటస్‌లు పెట్టడం. రెండు: అదే అమ్మాయి ఏదైనా నీచమైన స్కిట్ చేస్తే 'అమ్ముడుపోయింది' అని ఆమె కామెంట్లలో బూతులు రాయడం. ఆ స్కిట్ ఆమె రాసిందా? ఆ జోకు వద్దంటే రేపు ఆమెకు పనుంటుందా? అద్దె ఎవరు కడతారు? ఎస్తేర్‌కు కనీసం వెనక ఒక ఉద్యమం ఉంది, అడగడానికి 'ఎబొనీ' లాంటి సొంత పత్రిక ఉంది. మన ఆర్టిస్టుకు మనం ఏమున్నాం?

అంబేడ్కర్ 1946లో డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు, మీ పోరాటమూ మా పోరాటమూ దగ్గరివేనని. ఎస్తేర్ ఫ్లోరిడాగా తెర మీదికొచ్చిన 1972లోనే బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది, నల్ల పాంథర్ల పేరు పెట్టుకుని. కాబట్టి ఆమె కథ మనకు పరాయిది కాదు.

ఇకనుంచి ఏ కామెడీ చూసినా మూడు ప్రశ్నలు అడగండి. ఈ జోకు ఎవరు రాశారు? ఎవరి మీద రాశారు? ఆ ఇంట్లోంచి ఎవరిని మాయం చేశారు?

నవ్వొద్దని ఎవరన్నారు తమ్ముడూ? నవ్వుదాం. మైకేల్ పరీక్ష పేపరు వదిలేసి లేచొచ్చినప్పుడు నవ్వినట్టు నవ్వుదాం. మన పిల్లలు కలం పట్టి ఆ గదిలో కూర్చున్న రోజు, మా అమ్మ కూడా టీవీ ముందు కూర్చుని నవ్వేలా రాద్దాం.

వచ్చే భాగంలో మన పేటల్లోని నవ్వు గురించి. మన పెద్దలు దొరను వెక్కిరించిన కథలు మీ దగ్గరుంటే రాయండి.

జై భీమ్.