ఫ్రీ సీటులో ఫ్రీ ఎంత?

పోయిన ఆదివారం మా ఊరి అంబేద్కర్ భవన్‌లో పిల్లలకు ఒక క్లాసు పెట్టాం. హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో పనిచేస్తాడు. బాగా చెప్పాడు. "ఫ్రీ అంటే ఉచితం అనుకోకండి, పైసల సంగతి మర్చిపోండి. ఇక్కడ ఫ్రీ అంటే స్వేచ్ఛ" అన్నాడు. ఆ మాట బోర్డు మీద రాసి కింద గీత కూడా గీశాడు.

వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది. డిగ్రీ అయిపోయి ఏడాది దాటింది.

"అన్నా, నాది ఫ్రీ సీటు. మూడేండ్లు రూపాయి కట్టలే. ఇప్పుడు నా మెమోలు, టీసీ కాలేజీలనే ఆగినయ్. గవర్నమెంటు కాడికెళ్లి ఫీజు పైసలు రాలేదంట. పీజీల సీటొచ్చినా చేరలేకపోయిన. మరి నాది ఏ ఫ్రీ?"

కొందరు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. తమ్ముడు బోర్డు వైపు చూశాడు, నేనూ చూశాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసిన మనిషిని, ఒక మాటకు అర్థం అడిగితే నోట మాట రాలేదు. ఈ వారం ఆ ప్రశ్న గురించే రాస్తున్నాను.

ముందు సాఫ్ట్‌వేర్ సంగతి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఒక ప్రోగ్రామ్‌ను ఫ్రీ అనాలంటే నాలుగు స్వేచ్ఛలు ఉండాలని ఆ ఉద్యమం లెక్క. ముందు మూడే ఉండేవి, వాటికంటే మౌలికమైనదాన్ని తర్వాత ముందు చేర్చారు కాబట్టి మొదటిది సున్నాది: దాన్ని ఏ ప్రయోజనం కోసమైనా నడుపుకోవచ్చు. ఒకటోది, లోపల ఎలా పనిచేస్తుందో చదివి తనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. రెండోది, కాపీలు తీసి పంచవచ్చు. మూడోది, తాను మార్చినదాన్ని కూడా పంచవచ్చు. ఈ నాలుగింటిలో ధర ఊసే లేదు. అమ్ముకున్నా తప్పు కాదు. అదే మన ఫోన్లలో పైసా తీసుకోని యాప్‌లు చాలావరకు ఈ నాలుగూ ఇవ్వవు. నేనిది రాస్తున్న గోడ కూడా అంతే. ఉత్తగ వచ్చింది, మనది కాదు.

ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే మాట కావడంతో స్టాల్‌మన్ జీవితమంతా ఆ తేడా వివరిస్తూనే ఉన్నాడు. మనకు ఆ ఇబ్బంది లేదనుకుంటాం. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఈ ఉద్యమం వాళ్లు తమ సంస్థకు 'స్వేచ్ఛ' అనే పేరే పెట్టుకున్నారు. కానీ రెండు మాటలు విడిగా ఉండటంతో మనం ఇంకో చిక్కులో పడ్డాం. ఉచితాన్ని పేదవాళ్లకు, స్వేచ్ఛను ఉన్నవాళ్లకు పంచేశాం.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజు ఒక సారు క్లాసులో "ఫ్రీ సీటోళ్లు నిలబడండి" అనేవాడు. నిలబడేవాళ్లం. కులం అడగాల్సిన పనిలేకుండానే అందరికీ తెలిసిపోయేది. ఆ 'ఫ్రీ'లో స్వేచ్ఛ సంగతి అటుంచి, కూర్చునే వీలు కూడా లేదు.

ఉచితం అనే మాటనే చూడండి. సంస్కృతంలో దానికి ధరతో సంబంధం లేదు. ఉచితం అంటే తగినది, న్యాయమైనది. అలంకారశాస్త్రంలో మనం చెప్పుకునే ఔచిత్యం అందులోంచే వచ్చింది. సముచితం, అనుచితం, ఉచితానుచితాలు అని ఇప్పటికీ అంటాం. తెలుగులో అది ఎట్లాగో డబ్బు లేకుండా ఇచ్చేది అయింది. 2022లో ప్రధాని 'రేవడీ సంస్కృతి' అన్నప్పటి నుంచి తిట్టు కూడా అయింది. 2019లో కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22కి తగ్గిస్తే దాన్ని ఎవరూ ఉచితం అనలేదు. ప్రోత్సాహకం అన్నారు. మా పిల్లలకు వచ్చేది ఉచితం, వాళ్లకు వచ్చేది ప్రోత్సాహకం. నిఘంటువు కూడా కులం చూసే తెరుచుకుంటుంది.

నిజానికి చట్టంలో ఉన్న ఉచితం ఆ పాత అర్థానికే దగ్గర. రాజ్యాంగం 45వ అధికరణం, పదేళ్లలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం ప్రయత్నించాలంది. ఆ లెక్కన 1960కల్లా అందాలి. అది 21ఎ అధికరణంగా, ప్రాథమిక హక్కుగా మారింది 2002లో. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని మూడో సెక్షన్ చూస్తే, పిల్లల్ని చదువు పూర్తిచేయకుండా ఆపగల ఏ ఫీజూ, ఏ ఖర్చూ వాళ్ల మీద పడకూడదు. అంటే ఉచితానికి కొలత రూపాయి కాదు, అడ్డంకి. ఇక నిర్బంధం అనే మాటకు ఉద్యమాల్లో ఉన్నవాళ్లకు వేరే అర్థమే గుర్తొస్తుంది, పర్వాలేదు. ఈ చట్టంలో మాత్రం నిర్బంధం ప్రభుత్వం మీద. బడి పెట్టి చేర్చుకోవాల్సిన బాధ్యత దానిది. అయితే ఈ చట్టం పద్నాలుగేళ్ల దగ్గర ఆగిపోతుంది. భవన్‌లో లేచిన అమ్మాయికి ఇరవై రెండు.

ఇంకో ఫ్రీ ఉంది. మా నాయనమ్మ చెప్పేది. దొర గడికి చెప్పులు, మోటకు తోలు బొక్కెన, ఎడ్లకు వారులు, అన్నీ మా తాత కుట్టివ్వాలి. చచ్చిన గొడ్డును తీయాలి. కబురు మోయాలి. కూలి లేదు. దాని పేరు వెట్టి. అక్కడ శ్రమ ఉచితం, మనిషికి స్వేచ్ఛ లేదు. ఫ్రీ అనే మాటకున్న రెండు అర్థాల మధ్య ఎంత దూరముందో చూడాలంటే గ్రంథాలు అక్కర్లేదు, వెట్టి చాలు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. ఉచితాలతో దేశం పాడవుతోందనే పెద్దమనుషులు, ఎవరు ఎవరికి ఎన్ని తరాలు ఉచితంగా చేశారో ఒకసారి ఖాతా తీయాలి.

ఫిలాసఫీ వాళ్లు స్వేచ్ఛను రెండుగా విడదీస్తారు. ఐజయా బెర్లిన్ 1958లో ఇచ్చిన ఉపన్యాసం విద్యార్థులకు తెలిసే ఉంటుంది. నన్ను ఎవరూ అడ్డుకోకపోవడం ఒక స్వేచ్ఛ, నా బతుకును నేనే నడుపుకోగలగడం ఇంకొకటి. పరీక్షకు పనికొస్తుంది. కానీ దానికి ఇరవై రెండేళ్ల ముందే, 1936లో, కుల నిర్మూలనలో అంబేద్కర్ ఇంకా సూటిగా అడిగాడు. తిరిగే స్వేచ్ఛ, ఆస్తి ఉంచుకునే స్వేచ్ఛ ఇవ్వడానికి కులాన్ని సమర్థించేవాళ్లకు కూడా పెద్ద అభ్యంతరం ఉండదు, పనిని ఎంచుకునే స్వేచ్ఛ దగ్గరే వాళ్లు ఆగిపోతారు అన్నాడు. చట్టంలో బానిస అని రాసి లేకపోయినా సరే, మనిషి చేసే పనికి ప్రయోజనం ఏమిటో ఇంకొకరు నిర్ణయిస్తుంటే అది బానిసత్వమే అన్నాడు.

ఇప్పుడు స్టాల్‌మన్ సున్నా స్వేచ్ఛ దగ్గరికి రండి. ఏ ప్రయోజనం కోసమైనా. ప్రయోజనం వాడేవాడిది, తయారుచేసినవాడిది కాదు. కంప్యూటర్ ముందు కూర్చున్న అమెరికన్ మొదటి షరతుగా పెట్టుకున్నదీ, అంటరానివాడిగా పుట్టిన మనిషి కులాన్ని నిలదీసిందీ ఒకే చోట. ఎవరి ప్రయోజనం?

క్లాసు అయ్యాక ఆ అమ్మాయిని అడిగాను, బి.కాం. కంప్యూటర్స్ ఎందుకు తీసుకున్నావమ్మా అని. "నాకు నర్సింగ్ చదవాలని ఉండె మేడమ్. కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి, మీకు ఫ్రీ అని చెప్పి మా నాయనతోని ఒప్పించిండు. ఆన్‌లైన్‌ల ఆప్షన్లు కూడా ఆయనే పెట్టిండు. ఓటీపీ మా అన్న ఫోనుకొచ్చింది" అంది. స్వేచ్ఛ అంటే స్వ ప్లస్ ఇచ్ఛ, గుణసంధి. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా విడదీస్తారు. ఆ అమ్మాయి చదువులో స్వ ఎక్కడ, ఇచ్ఛ ఎవరిది? సీటును ఆమె ఎంచుకోలేదు. ఆమె పేరున వచ్చే రీయింబర్స్‌మెంట్ కోసం కాలేజీయే ఆమెను ఎంచుకుంది. ఆ డబ్బు ఆగేసరికి ఆమె సర్టిఫికెట్లు తాకట్టు వస్తువులయ్యాయి. బాకీ ప్రభుత్వానిది, జప్తు మాత్రం ఆమెది.

స్కాలర్‌షిప్‌ను కూడా ఎవరో దయతో ఇచ్చినట్టు మాట్లాడతారు. దళిత విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది, అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్న కాలంలో. కొట్లాడి తెచ్చినదాన్ని నెలల తరబడి ఆపితే ఏమవుతుందో మనకు తెలుసు. 2016 జనవరి 17న రోహిత్ వెళ్లిపోతూ రాసిన ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్ బాకీ లెక్క కూడా ఉంది. అంతకంటే నేను రాయలేను.

ఇలాంటి చోట కులాన్ని క్లోజ్డ్ సోర్స్ అంటే చప్పట్లు పడతాయి. ఆ తమ్ముడూ అదే అన్నాడు. నాకు ఒప్పుదల కాలేదు. ఒకప్పుడు నిజం, చదివే హక్కే లేదు. ఇవాళ మనుస్మృతి ఏ పుస్తకాల షాపులోనైనా దొరుకుతుంది, తెలుగు తాత్పర్యంతో సహా. కోడ్ తెరిచే ఉంది. లేనిది మార్చే అనుమతి. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో దాన్ని తగలబెట్టింది కూడా అర్థం కాక కాదు, బాగా అర్థమై. చదవనిస్తాం గాని ముట్టుకోవద్దు అనే సిలబస్ మా తెలుగు శాఖల్లో ఇప్పటికీ ఉంది. ప్రబంధం మీద పరిశోధన చేయవచ్చు, ప్రబంధం మీద తీర్పు చెప్పకూడదు. నా థీసిస్ వైవాలో పడ్డ తిప్పలు ఇంకోసారి రాస్తాను.

ఫ్రీ సాఫ్ట్‌వేర్ మిత్రులతో నా పేచీ ఒక్కటే. పైసల సంగతి మర్చిపోండి అనకండి. జీతం వచ్చేవాళ్లు మర్చిపోగలరు. లైసెన్స్ కొనక్కర్లేదంటే మా హాస్టల్ ల్యాబ్‌లో ఇంకో నాలుగు కంప్యూటర్లు వస్తాయి. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీద నేర్చుకుంటున్నారంటే అందులో ధరా ఉంది, స్వేచ్ఛా ఉంది. ఇంకా ఒకటి, సమయం. కోడ్ చదివి, మార్చి, తిరిగి పంచడానికి ఫ్రీ టైమ్ కావాలి. స్కూల్ అనే మాటే గ్రీకులో తీరిక అనే అర్థంలోంచి పుట్టింది. మా పిల్లలు పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రంతా ఫంక్షన్ హాళ్లలో కేటరింగ్ చేసి పొద్దున క్లాసులో నిద్రపోతారు. వాళ్లకు తీరిక ఏ లైసెన్సూ ఇవ్వదు. స్కాలర్‌షిప్ టైముకు పడితే కొంత వస్తుంది. అందుకే ఉచితాన్ని తక్కువ చేసి స్వేచ్ఛ గొప్పదంటే నాకు భయం. మా దగ్గర ఉచితం ఆగిన రోజే స్వేచ్ఛ కూడా ఆగుతుంది.

ఆ అమ్మాయి సంగతికి వస్తే, ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని ప్రింట్ తీసి ఆమెతోనే తెలుగులో అర్జీ రాయించాను. మొదటి వాక్యంలో "దయచేసి" అని రాసింది. కొట్టేయమన్నాను. కాసేపు ఆలోచించి, "ఉండనీయండి మేడమ్, కాగితం వాళ్ల చేతులనే ఉంది గదా" అంది. ఉంచాం.

సోమవారం పదిన్నరకు ఆ కాలేజీకి వెళ్తున్నాం. ఇలాగే సర్టిఫికెట్లు ఆగినవాళ్లు మీ హాల్‌టికెట్ నంబరు, ఆగిన కాగితాల జాబితా రాసుకుని వస్తే అందరి అర్జీలూ కలిపి ఇద్దాం. వచ్చేవాళ్లు ఇన్‌బాక్స్‌లో చెప్పండి. తొమ్మిదిన్నరకు అంబేద్కర్ విగ్రహం దగ్గర ఉంటాను.

జై భీమ్.